బొగ్గు కొండల్లో ఇంటి నుంచి ఉద్యోగం: తూర్పు కెంటకీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయన డాక్టరు. జె-1 వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో డాక్టరు శిక్షణ) చేసినవాళ్లు తిరిగి వెళ్లకుండా అమెరికాలోనే ఉండాలంటే, డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేసే దారి ఒకటుంది. అలా కెంటకీ రాష్ట్రంలోని హజర్డ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో దిగాం. మూడేళ్లనుకున్నది తొమ్మిదేళ్లయింది. నేను ఇంట్లోంచే మెడికల్ కోడింగ్ (రోగాలకి, చికిత్సలకి బిల్లింగ్ కోసం కోడ్‌లు వేసే పని) చేస్తాను. శనివారాలు లైబ్రరీలో కూర్చుని, ఇంటి నుంచి పని వెతుక్కునేవాళ్లకి దరఖాస్తులు నింపిపెడతాను. కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు, వేరే రాష్ట్రాల్లోని స్నేహితులు, లైబ్రరీకి వచ్చే ఇరుగుపొరుగు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు ఇక్కడి ఉద్యోగాలు ఏమైపోయాయి?

తూర్పు కెంటకీ అంటే అపలాచియన్ కొండలు. (ఇక్కడివాళ్లు "అపలాచా" అంటారు. "అపలేషియా" అన్నారంటే మీరు బయటివాళ్లని వెంటనే తెలిసిపోతుంది.) వందేళ్లకు పైగా ఈ కొండల బతుకంతా బొగ్గే. 2011లో ఈ ప్రాంతపు గనుల్లో 13 వేలకు పైగా మంది పనిచేసేవారు. 2016 చివరికి ఆ సంఖ్య 4 వేల లోపుకి పడిపోయింది. ఐదేళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఉద్యోగాలు పోయాయి.

కారణం ఒక్కటే అని ఎవరైనా చెబితే నమ్మకండి. షేల్ గ్యాస్ (రాతిపొరల్లోంచి తీసే సహజవాయువు) చవకై కరెంటు కంపెనీలు దానివైపు మళ్లాయి. వయోమింగ్‌లో భూమి పైపొరల్లోనే దొరికే బొగ్గు ఇక్కడి బొగ్గు కన్నా చాలా తక్కువ ఖర్చుతో బయటికొస్తుంది. ఇక్కడ మందమైన పొరలు ఎప్పుడో తవ్వేశారు, మిగిలినవి సన్నపొరలు. ఆపైన థర్మల్ కేంద్రాల పొగ మీద నిబంధనలు బిగిశాయి. అన్నీ కలిసి ఒకేసారి మీద పడ్డాయి.

2019 జూలైలో ఒక బొగ్గు కంపెనీ దివాలా తీసింది. అప్పటికే ఇచ్చిన జీతాల చెక్కులు బ్యాంకులో చెల్లలేదు. హార్లన్ కౌంటీలో కార్మికులు, వాళ్ల కుటుంబాలు రైలు పట్టాల మీద గుడారాలు వేసుకుని, తాము తవ్విన బొగ్గు రైలు కదలకుండా దాదాపు రెండు నెలలు అడ్డుకున్నారు. ఇంటి నుంచి ఉద్యోగం అనగానే ఇక్కడివాళ్లు ముందుగా "జీతం సరిగ్గా పడుతుందా?" అని ఎందుకు అడుగుతారో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

గనిలో వచ్చే జీతం ఇంటి పనిలో వస్తుందా?

చాలామందికి రాదు. ఈ మాట ముందే చెప్పకపోతే మోసం చేసినట్టే. ఓవర్‌టైమ్‌తో కలిపి ఏడాదికి 60 నుంచి 80 వేల డాలర్లు తెచ్చుకున్న కార్మికులు ఇక్కడ ఎందరో ఉన్నారు. కస్టమర్ సర్వీసు ఉద్యోగం గంటకి 15 డాలర్లనుకుంటే, ఏడాది పొడవునా ఫుల్‌టైమ్ చేసినా వచ్చేది 31,200. కెంటకీలో చట్టబద్ధమైన కనీస వేతనం ఇప్పటికీ గంటకి 7.25 డాలర్లే, 2009 నుంచి కదల్లేదు. కాబట్టి 15 అంటే ఇక్కడ చెడ్డ జీతమేం కాదు. కానీ ట్రక్కు వాయిదాలు, ఇంటి అప్పు పాత జీతాన్ని చూసి తీసుకున్నవి కదా. అసలు ఇబ్బంది అక్కడ.

మరి ఎందుకు చేస్తారంటే, ఊళ్లో ఉండిపోవచ్చని. గని మూతపడగానే చాలామంది ఒహాయో, ఇండియానా ఫ్యాక్టరీలకి వెళ్లిపోయారు. ముసలి తల్లిదండ్రులున్నవాళ్లు, మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలు వెళ్లలేకపోయారు. ఇంటికి రెండో జీతం తేవడానికి ఈ పని నిజంగా పనికొస్తుంది. ఇల్లంతా ఆ ఒక్క జీతం మీదే నడవాలంటే ఇన్సూరెన్స్, బిల్లింగ్, ఐటీ సపోర్ట్ లాంటి ఒక మెట్టు పైనున్న పనికి ఎక్కాలి.

ఈ కొండల్లో ఇంటర్నెట్ వస్తుందా?

ఇది మీరు ఏ కొండ వెనక ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల మహానగరాల్లో కన్నా బాగుంటుంది, నిజం. జాక్సన్, ఔస్లీ కౌంటీలు అమెరికాలోని అతి పేద కౌంటీల్లో లెక్క. అక్కడ పీపుల్స్ రూరల్ టెలిఫోన్ కోఆపరేటివ్ అనే సహకార సంఘం ప్రతి ఇంటికీ ఫైబర్ వేసింది. 2009 ఆర్థిక ఉద్దీపన చట్టం కింద వచ్చిన కేంద్ర నిధులు, అప్పులు కలిపి సుమారు 5 కోట్ల డాలర్ల ఖర్చు, సుమారు వెయ్యి మైళ్ల కేబుల్. 2014కల్లా పూర్తి చేశారు. ట్రక్కు ఎక్కలేని వాలుల మీద కేబుల్ లాగింది ఓల్డ్ బబ్ అనే కంచరగాడిద. పెద్ద కంపెనీలు లాభం లేదని వదిలేసిన పని, చందాదారులే యజమానులుగా ఉన్న సంఘం చేసి చూపించింది. ఈ ప్రాంతం గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఈ కథే.

కెంటకీవైర్డ్ అని రాష్ట్ర ప్రభుత్వం మూడు వేల మైళ్లకు పైగా ఫైబర్ వేసి 120 కౌంటీలనూ కలిపింది. అయితే అది హైవే లాంటిది. మీ ఇంటి గుమ్మం దాకా రావడానికి మరో కంపెనీ సందు రోడ్డు వేయాలి. ఆ చివరి ముక్కే చాలాచోట్ల మిగిలిపోయింది. 2021 మౌలిక వసతుల చట్టంలో దేశం మొత్తానికి కేటాయించిన 42.45 బిలియన్ డాలర్లు ఆ చివరి ముక్క కోసమే.

ఇల్లు అద్దెకు తీసుకునే ముందు ఊరి పేరుతో కాకుండా ఇంటి అడ్రసుతో అడగండి. "రోడ్డు మీద ఫైబర్ ఉంది" అని ఓనరు అన్నంత మాత్రాన ఇంట్లో ఉన్నట్టు కాదు. కేంద్ర కమ్యూనికేషన్ల సంస్థ 2024 నుంచి బ్రాడ్‌బ్యాండ్ అంటే డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20 మెగాబిట్లు ఉండాలంటోంది. కాల్ సెంటర్ పనికి అంత స్పీడు అక్కర్లేదు గానీ నిలకడ కావాలి. చాలా కంపెనీలు వైఫై ఒప్పుకోవు, రౌటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా వైరు ఉండాలంటాయి. శాటిలైట్ ఇంటర్నెట్‌ని ఒప్పుకోని కంపెనీలూ ఉన్నాయి. ఉద్యోగ ప్రకటనలో ఈ వాక్యం కోసం ముందే వెతకండి.

ఇంటర్నెట్ బిల్లుకి సాయం ఉందా?

నెలకి 30 డాలర్ల తగ్గింపు ఇచ్చే కేంద్ర పథకం 2024 జూన్ 1తో ఆగిపోయింది. నిధులు అయిపోయాయి. దానివల్ల ఇక్కడ కనెక్షన్ తీయించుకున్న ఇళ్లు నాకు తెలుసు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. లైఫ్‌లైన్ అనే పాత పథకం మాత్రం నడుస్తోంది, ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లకి నెలకి 9.25 డాలర్లు తగ్గుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

టెలివర్క్స్ యూఎస్ఏ దగ్గర. హజర్డ్ కేంద్రంగా 23 కౌంటీల్లో ఉపాధి కార్యక్రమాలు నడిపే ఈస్టర్న్ కెంటకీ కాన్సంట్రేటెడ్ ఎంప్లాయ్‌మెంట్ ప్రోగ్రామ్ దీన్ని నడుపుతోంది. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇంటి నుంచి పని ఇచ్చే కంపెనీలను ముందే పరిశీలించి, పని వెతుక్కునేవాళ్లకి కంప్యూటర్ వాడకం, ఫోన్‌లో మాట్లాడే తీరు, ఇంటర్వ్యూ నేర్పిస్తారు. జాక్సన్ కౌంటీలోని ఆన్‌విల్ లాంటి చోట్ల కేంద్రాలు పెట్టారు. కాలేజీ చదువు కావాలంటే హజర్డ్, బిగ్ శాండీ, సౌత్‌ఈస్ట్ కమ్యూనిటీ కాలేజీలున్నాయి. ఉద్యోగం పోయినవాళ్లకి కేంద్ర ఉపాధి నిధులతో ఫీజులో సాయం దొరకవచ్చు, చేరకముందే అడగాలి. చేరాక అడిగితే ఒక్కోసారి ఇవ్వరు.

వయసైపోయింది, కంప్యూటర్ ముట్టుకోలేదు. నాలాంటివాళ్లకి వస్తుందా?

మా వీధి చివర ఉండే ఆయన ఇరవై రెండేళ్లు గనిలో పైకప్పుకి బోల్టులు బిగించాడు. మొదటి శనివారం లైబ్రరీకి వచ్చినప్పుడు నిమిషానికి పద్నాలుగు మాటలు టైప్ చేశాడు. ఆ వేళ్లు ఒకేసారి రెండు కీల మీద పడేవి. మూడు నెలల్లో ముప్పై ఐదుకి వచ్చాడు. టైపింగ్ గురించే మేమంతా కంగారుపడ్డాం, తీరా అసలు కష్టం వేరేచోట వచ్చింది. హెడ్‌సెట్ పెట్టుకుని సౌండ్ చివరిదాకా పెంచినా అవతలి మాట సగమే వినిపించేది. గనుల్లో ఏళ్ల తరబడి డ్రిల్లుల మోతలో పనిచేసినవాళ్లకి వినికిడి తగ్గడం మామూలు. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాడు. చివరికి ఫోన్ అవసరం లేని, చాట్‌లో జవాబులు రాసే ఉద్యోగంలో చేరాడు. కోపంగా ఉన్న కస్టమర్‌తో ఆయన రాసినంత నెమ్మదిగా నేను రాయలేను.

అందుకే వయసు కన్నా ముందు చెవులు, నడుము, చూపు చూసుకోమంటాను. ఎనిమిది గంటలు కూర్చోవడం గనిలో వంగి పనిచేసి వచ్చిన నడుముకి తేలికేం కాదు.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే జీతం బాగా వస్తుంది కదా?

వస్తుంది, దొరికితే. పైక్‌విల్‌లో రస్టీ జస్టిస్, లిన్ ప్యారిష్ అనే ఇద్దరు బొగ్గు వ్యాపారంలోంచి వచ్చి బిట్ సోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. పాత కోకాకోలా బాట్లింగ్ ప్లాంటు భవనంలో మొదలైంది. 2015 ప్రాంతంలో మొదటి బ్యాచ్‌కి 900కి పైగా దరఖాస్తులు వస్తే, తీసుకున్నది పది పదకొండు మందిని. గని పనివాళ్లు కోడ్ రాయగలరని ఆ పదిమంది నిరూపించారు. మిగతా తొమ్మిది వందల మందికి ఏం చెప్పాలన్నది ఇప్పటికీ తేలలేదు.

శిక్షణ పేరుతో ఈ కొండల్లో వాగ్దానాలు చాలా జరిగాయి. కోర్సు అయ్యాక ఉద్యోగం ఖాయమన్నవాళ్లు కోర్సు మధ్యలోనే చేతులెత్తేసిన సందర్భాలూ ఉన్నాయి. ఏ శిక్షణలో చేరబోయినా ఒక్క ప్రశ్న వేయండి: పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది ఇవాళ ఆ పనిలో ఉన్నారు? అంకె చెప్పకుండా ఫొటోలు చూపిస్తే లేచి వచ్చేయండి.

మెడికల్ కోడింగ్ సంగతి?

మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసైనా, అనుభవం లేకపోతే సర్టిఫికెట్ చివర అప్రెంటిస్ అని ఉంటుంది. ఆ మాట పోయేదాకా ఇంటి నుంచి పని దొరకడం కష్టం. నేను ముందు ఒక క్లినిక్‌కి రోజూ వెళ్లి బిల్లింగ్ చేశాను, ఆ తర్వాతే ఇంటి నుంచి ఇచ్చారు. ఇండియాలో చేసిన అనుభవాన్ని ఇంటర్వ్యూలో దాచుకోకండి, అది పనికొస్తుంది.

డబ్ల్యూ-2, 1099 అంటే ఏమిటి? ఏది మంచిది?

నా మాట అడిగితే డబ్ల్యూ-2నే వెతుక్కోండి. డబ్ల్యూ-2 అంటే మీరు ఉద్యోగి. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను), మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద మీ వంతు 7.65 శాతం కోస్తారు, అంతే మొత్తం కంపెనీ కడుతుంది. కనీస వేతనం, ఓవర్‌టైమ్ చట్టాలు మీకు వర్తిస్తాయి. కంపెనీ తప్పనిసరి చేసిన శిక్షణకి జీతమివ్వాలి. ఉద్యోగంలోంచి తీసేస్తే నిరుద్యోగ భృతికి అర్హత ఉండవచ్చు.

1099 అంటే మీరు స్వతంత్ర కాంట్రాక్టర్. ఆ రెండు వంతులూ మీవే, 15.3 శాతం. ఆదాయపు పన్ను వేరు. జీతంలోంచి ఎవరూ కోయరు కాబట్టి ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15 తేదీల్లో మీరే అంచనా పన్ను కట్టుకోవాలి. ఈ సంగతి తెలియక, మొదటి ఏడాది చేతికొచ్చినదంతా ఇంటి ఖర్చుకి వాడేసి, పన్ను కట్టే వేళకి టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎందరో. జీతమిచ్చే శిక్షణ, ఓవర్‌టైమ్, నిరుద్యోగ భృతి కూడా కలిపి చూస్తే, గంటకి 16 డాలర్ల 1099 పని కన్నా 14 డాలర్ల డబ్ల్యూ-2 మేలు కావచ్చు. కాగితం మీద లెక్క వేసుకుని చూడండి.

మోసపూరిత ఉద్యోగాన్ని ఎలా పట్టుకోవాలి?

నేనూ దాదాపు మోసపోయినదాన్నే. వచ్చిన మొదటి ఏడాది, చాట్‌లో ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇచ్చామన్నారు. లాప్‌టాప్ కొనుక్కోమని 2,400 డాలర్ల చెక్కు కొరియర్‌లో పంపారు. బ్యాంకులో వేస్తే మర్నాడే ఖాతాలో డబ్బు కనిపించింది. "మా సప్లయర్‌కి 1,900 పంపండి, మిగిలింది మీరు ఉంచుకోండి" అన్నారు. పంపబోతుంటే మా ఆయన ఆపాడు. ఐదో రోజున చెక్కు దొంగదని బ్యాంకు వెనక్కి లాగేసుకుంది. పంపి ఉంటే ఆ 1,900 మా జేబులోంచి పోయేది.

ఖాతాలో డబ్బు కనిపించడం వేరు, చెక్కు చెల్లడం వేరు. అసలైన కంపెనీ ఏదీ మిమ్మల్ని డబ్బు వెనక్కి పంపమనదు, గిఫ్ట్ కార్డులు కొనమనదు, పార్సిళ్లు మీ ఇంటికి తెప్పించి మళ్లీ పంపమనదు. మోసపోతే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేయండి. సిగ్గుపడి దాచుకుంటే పక్కింటివాళ్లు కూడా మోసపోతారు.

డిసేబిలిటీ డబ్బు వస్తోంది. ఇంటి నుంచి పనిచేస్తే పోతుందా?

లైబ్రరీలో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. ఈ ప్రాంతంలో గాయాల వల్ల, ఊపిరితిత్తుల జబ్బుల వల్ల పనికి దూరమైనవాళ్లు చాలామంది. సోషల్ సెక్యూరిటీ డిసేబిలిటీ మీద ఉన్నవాళ్లకి పని చేసి చూసుకునే అవకాశం చట్టంలోనే ఉంది. ఐదేళ్ల వ్యవధిలో తొమ్మిది నెలలు, ఎంత సంపాదించినా పూర్తి డబ్బు వస్తుంది. 2025 లెక్క ప్రకారం 1,160 డాలర్లు దాటిన నెలే ఆ తొమ్మిదిలోకి వచ్చేది. తొమ్మిదీ అయ్యాక ఇంకో మూడేళ్ల వ్యవధి ఉంటుంది. అందులో సాధారణంగా నెలకి ఒక పరిమితి (2025లో 1,620) దాటితే ఆ నెల చెక్కు రాదు, తగ్గితే వస్తుంది. మెడికేర్ వెంటనే పోదు, మొదటి తొమ్మిది నెలల తర్వాత కనీసం 93 నెలలు ఉంటుంది.

ఎంత సంపాదించారో నెలనెలా వాళ్లకి తెలపాలి. తెలపకపోతే రెండేళ్ల తర్వాత వెనక్కి కట్టమని ఉత్తరం వస్తుంది. ఎస్ఎస్ఐ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకిచ్చే వేరే సాయం) నియమాలు పూర్తిగా వేరు, రెండూ కలిపి చూసుకోకండి. బ్లాక్ లంగ్ (బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) పరిహారం కేసు నడుస్తుంటే ముందు వైట్స్‌బర్గ్‌లోని అపలాచియన్ సిటిజన్స్ లా సెంటర్ లాంటి చోట లాయరుతో మాట్లాడండి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకి లేదా భర్తకి ఇచ్చే వీసా) మీద ఉన్నాను. ఇంటి నుంచే కదా, చేయొచ్చా?

ఇంటి నుంచైనా పని పనే. వర్క్ పర్మిట్ చేతిలో లేకుండా చేయకూడదు. హెచ్-4కి ఆ పర్మిట్ రావాలంటే మీ భాగస్వామికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమై ఉండాలి, లేదా హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉండాలి. "ఇండియా కంపెనీకి చేస్తాను, జీతం అక్కడే పడుతుంది" అంటారు కొందరు. ఇమిగ్రేషన్ లాయర్ని అడగకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

హెచ్-1బీ మీద ఉండి, వేరే నగరం నుంచి ఇక్కడికి మారి అదే ఉద్యోగం చేయాలనుకునేవాళ్లు కూడా జాగ్రత్త. పనిచేసే చోటు పాత నగర ప్రాంతం దాటితే, మారకముందే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. ఇల్లే ఆఫీసైతే ఇంటి అడ్రసే పనిచేసే చోటు.

కంపెనీ వేరే రాష్ట్రంలో ఉంటే పన్ను ఎక్కడ?

మామూలుగా మీరు కూర్చుని పనిచేసే చోట, అంటే కెంటకీలో. ఇక్కడ ఆదాయపు పన్ను 2025లో 4 శాతం, 2026 నుంచి 3.5. న్యూయార్క్ కంపెనీలకి పనిచేసేవాళ్లు మాత్రం ముందే కనుక్కోవాలి. మీ సౌకర్యం కోసం ఇంటి నుంచి చేస్తున్నారని చెప్పి ఆ రాష్ట్రం కూడా పన్ను అడుగుతుంది.

ఇక్కడికి మారితే డబ్బిస్తారట, నిజమేనా?

మీరు విన్నది బహుశా పక్కనున్న వెస్ట్ వర్జీనియా గురించి. అదీ బొగ్గు రాష్ట్రమే. అక్కడ 2021లో అసెండ్ వెస్ట్ వర్జీనియా మొదలైంది, ఎంపికైన రిమోట్ ఉద్యోగులకి రెండేళ్లలో 12,000 డాలర్లు ఇస్తామని. ఇంట్యూట్ మాజీ అధిపతి బ్రాడ్ స్మిత్, ఆయన భార్య ఇచ్చిన 2.5 కోట్ల డాలర్ల విరాళంతో అది పుట్టింది. ఓక్లహోమాలోని చమురు నగరం టల్సా 2018 నుంచి 10,000 ఇస్తోంది. రెండిటికీ ఆ రాష్ట్రం బయటి నుంచి వచ్చేవాళ్లే అర్హులు.

ఇలాంటి పథకాలు మంచివే, వచ్చినవాళ్లు ఆ ఊళ్లలో ఖర్చు పెడతారు, పిల్లల్ని అక్కడి బడిలో వేస్తారు. కానీ ఎన్ని కష్టాలొచ్చినా ఊరు వదలని మనిషికి కూడా ఒక మంచి కుర్చీ, ఒక కనెక్షన్, ఆరు నెలల శిక్షణ ఇచ్చి ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

వరదలు, కరెంటు కోతలు వస్తే?

2022 జూలై వరదల్లో తూర్పు కెంటకీలో 40 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు కొట్టుకుపోయాయి, ఫోన్లు, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ ఆగిపోయాయి. వాగు పక్కన ఇల్లు తీసుకోకండి, ఎంత అందంగా ఉన్నా సరే. రౌటర్‌కి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి. ఇంట్లో కనెక్షన్ పోతే ఎక్కడికి వెళ్లి పనిచేస్తారో సూపర్‌వైజర్‌కి ముందే చెప్పి, ఈమెయిల్‌లో రాయించుకోండి. రోగుల వివరాలు చూసే పనైతే లైబ్రరీలో కూర్చుని చేయడం కుదరదు.

శనివారం లైబ్రరీకి వస్తే ఏం తెచ్చుకోవాలి?

ఇప్పటిదాకా చేసిన ఉద్యోగాల తేదీలు ఒక కాగితం మీద రాసుకుని రండి. గని పేరు మారినా, కంపెనీ మూతపడినా ఫర్వాలేదు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చేశారో చాలు. మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి, సగం పొద్దు దానికే పోతోంది. డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు ఇంట్లోనే ఉంచండి, ఉద్యోగం ఖాయమయ్యాకే వాటి అవసరం. వినికిడి మిషన్ ఉంటే మాత్రం తప్పకుండా పెట్టుకుని రండి. హెడ్‌సెట్లు నా దగ్గర నాలుగు రకాలున్నాయి, ఏది సరిపోతుందో కలిసి చూద్దాం.